స్పోర్ట్స్ లాలో పీజీ: విజయనగరం, శ్రీకాకుళం నుంచి ఎలా మొదలుపెట్టాలి

2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో నెల్లిమర్ల మండలం కొండవెలగాడ అమ్మాయి మత్స సంతోషి 53 కిలోల విభాగంలో మూడో స్థానంలో నిలిచి కాంస్యం తెచ్చుకుంది. రోజులు తిరక్కుండానే అది రజతమైంది. స్వర్ణం గెలిచిన నైజీరియా అమ్మాయి చికా అమలాహా శాంపిల్‌లో అమిలోరైడ్, హైడ్రోక్లోరోథయజైడ్ అనే రెండు మందులు బయటపడ్డాయి. రెండూ ఒంట్లో నీరు తీసేసేవే. రెండోది మన ఊళ్లలో బీపీకి రాసే మాత్రల్లో మామూలుగా ఉంటుంది. ఆ పిల్లకి అప్పటికి పదహారేళ్లు. పతకం వెనక్కి తీసుకున్నారు. పపువా న్యూగినీ లిఫ్టర్ డికా టౌవాకి స్వర్ణం, సంతోషికి రజతం, నాలుగో స్థానంలో ఉన్న స్వాతి సింగ్‌కి కాంస్యం దక్కాయి.

బరువులెత్తడం ఒక్కరోజులో అయిపోయింది. ఆ తర్వాత నడిచిందంతా కాగితాల మీదే. శాంపిల్ ఎవరు తీశారు, సీసాకి సీలు ఎలా వేశారు, బి శాంపిల్ (మళ్లీ సరిచూడటానికి పక్కన పెట్టిన రెండో సీసా) ఏం చెప్పింది, ఆ అమ్మాయి మాట ఎవరు విన్నారు, ఏ నిబంధన కింద పతకాలు చేతులు మారాయి? స్పోర్ట్స్ లా అంటే ఈ కాగితాల పనే. ఇందులో పీజీ చేయాలనుకునేవాళ్లు ముందు కోర్సుల జాబితా వెతుకుతారు. నా మాట వింటే ముందు ప్రశ్న వెతకండి. మీకు నిద్రపట్టనివ్వని ప్రశ్న ఒకటి దొరికితే ఏ కోర్సు కావాలో అదే చెబుతుంది.

మొదటి పని: ఏ మూల నుంచి వెళ్తారో తేల్చుకోండి

స్పోర్ట్స్ లా ఒకే సబ్జెక్టు కాదు. డోపింగ్, క్రమశిక్షణ కేసులు ఒక వైపు. సంఘాల ఎన్నికలు, పాలన ఇంకో వైపు. ఆటగాళ్ల కాంట్రాక్టులు, ప్రసార హక్కులు, స్పాన్సర్ల డబ్బు మరో వైపు. బెట్టింగు, ఆన్‌లైన్ గేములు చివర ఉన్నా వాటి వ్యాజ్యాలూ తక్కువేం కాదు. పేక రమ్మీలో నైపుణ్యమే ప్రధానమని సుప్రీంకోర్టు 1968లో చెప్పింది మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులోనే, ఆంధ్రప్రదేశ్ వర్సెస్ కె. సత్యనారాయణ. అర్ధశతాబ్దానికి పైగా ఆ మాట మీదే అందరూ వాదించారు. 2025లో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా పక్కనపెట్టి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. ఆ మలుపే ఒక థీసిస్‌కి సరిపోతుంది.

క్రమశిక్షణ వైపు మనసు లాగితే మీరు దూరం వెళ్లక్కర్లేదు. విజయనగరంలో స్టేడియానికి పేరున్న విజ్జీ, అంటే మహారాజకుమార్ ఆఫ్ విజయనగరం, 1936లో భారత క్రికెట్ జట్టుకి కెప్టెన్‌గా ఇంగ్లండ్ వెళ్లారు. మొదటి టెస్టు కూడా మొదలవకముందే లాలా అమర్‌నాథ్‌ని క్రమశిక్షణ లేదంటూ ఓడెక్కించి ఇంటికి పంపేశారు. తర్వాత బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బోమాంట్ అధ్యక్షతన కమిటీ వేస్తే, అది అమర్‌నాథ్ మీద మచ్చ తుడిచి విజ్జీ కెప్టెన్సీనే తప్పుబట్టింది. ఇప్పటి లా విద్యార్థిగా ఆ సంగతిని మళ్లీ చూడండి. ఫిర్యాదు ఎవరిది? నిర్ణయం ఎవరిది? ఆటగాడికి చెప్పుకునే అవకాశం ఎంత ఇచ్చారు? వేసిన శిక్ష చేసిన తప్పుకి తగినదేనా? అప్పీలు ఎక్కడ? ఈ అయిదు ప్రశ్నలే ఈనాటికీ ప్రతి క్రమశిక్షణ కేసులోనూ వస్తాయి. మన ఊరి రాజుగారు పాఠం చెప్పాలని చెప్పింది కాదనుకోండి, పాఠం మాత్రం గట్టిదే.

రెండో పని: ఎల్ఎల్‌బీలోని మూడు పుస్తకాలు మళ్లీ తెరవండి

"స్పోర్ట్స్ లా మా కాలేజీలో చెప్పలేదు" అని బెంగపడక్కర్లేదు. చాలా చోట్ల చెప్పరు. అడ్మినిస్ట్రేటివ్ లా, కాంట్రాక్ట్ లా, ఆర్బిట్రేషన్ గట్టిగా వస్తే చాలావరకు వచ్చినట్టే.

అడ్మినిస్ట్రేటివ్ లాకి జీ టెలిఫిల్మ్స్ కేసు (2005) చదవండి. బీసీసీఐ రాజ్యాంగం 12వ అధికరణం కింద 'రాజ్యం' కాదని ముగ్గురు న్యాయమూర్తులు, అవునని ఇద్దరు అన్నారు. అయినా 226వ అధికరణం కింద హైకోర్టుకి వెళ్లే తలుపు మూసెయ్యలేదు. దాని పక్కనే శ్రీశాంత్ కేసు (2019) పెట్టుకోండి. తప్పు రుజువైనా జీవితకాల నిషేధమే వెయ్యాలా, తగ్గించే కారణాలు చూడక్కర్లేదా అని సుప్రీంకోర్టు అడిగింది. అజారుద్దీన్ మీద 2000లో బోర్డు వేసిన జీవితకాల నిషేధం చెల్లదని 2012లో తీర్పిచ్చింది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టే. ఈ మూడూ వరసగా చదివితే ఒక ప్రైవేటు సంఘం మనిషి బతుకుతెరువు మీద చెయ్యివేసినప్పుడు కోర్టు ఎంతవరకు దిగుతుందో తెలిసిపోతుంది.

కాంట్రాక్టులకి, ఎవరినీ తమ వృత్తి చేసుకోకుండా ఆపే ఒప్పందం చెల్లదనే కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ముఖ్యం. ఒప్పందం ముగిశాక కూడా ఆటగాడిని కట్టిపడేసే షరతు నిలుస్తుందా అన్నది జహీర్ ఖాన్, పర్సెప్ట్ డీమార్క్ కేసులో (2006) తేలింది. నిలవదన్నారు.

ఆర్బిట్రేషన్ సంగతి కొంచెం వేరు. అంతర్జాతీయ క్రీడా తగాదాలు స్విట్జర్లాండ్‌లోని లౌసాన్‌లో 1984లో పెట్టిన క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి, అంటే కాస్‌కి వెళ్తాయి. దాని తీర్పు మీద ఇంకా పోరాడాలంటే స్విస్ ఫెడరల్ సుప్రీంకోర్టుకే వెళ్లాలి. అక్కడ వినే కారణాలు చాలా తక్కువ. శ్రీకాకుళం ఆటగాడి భవిష్యత్తు స్విస్ చట్టం చేతిలో ఎందుకుందో ఎంట్రీ ఫారం మీద అతను పెట్టిన సంతకంలోనే ఉంది. ఆ సంతకం నిజంగా ఇష్టంతో పెట్టిందేనా అన్న చర్చ జర్మన్ స్కేటర్ పెక్‌స్టీన్ కేసు నుంచి ఇంకా నడుస్తూనే ఉంది.

ఇక్కడి కొత్త చట్టాలు కూడా చూసుకోవాలి. క్రీడలు రాజ్యాంగంలో రాష్ట్ర జాబితా 33వ అంశం. అయినా జాతీయ సమాఖ్యల పాలన 2011 నాటి స్పోర్ట్స్ కోడ్ మీద, అంటే చట్టం కాని ఒక పత్రం మీద ఏళ్ల తరబడి నడిచింది. 2025 ఆగస్టులో జాతీయ క్రీడా పాలన చట్టం వచ్చింది. నేషనల్ స్పోర్ట్స్ బోర్డు, నేషనల్ స్పోర్ట్స్ ట్రిబ్యునల్ దానిలోవే. డోపింగ్‌కి వేరే దారి ఉంది: 2022 నాటి జాతీయ యాంటీ డోపింగ్ చట్టం, 2025లో దానికి చేసిన సవరణ. ఇంటర్వ్యూలో పాత కోడ్ గురించే మాట్లాడితే అక్కడే దొరికిపోతారు.

మూడో పని: ఒక్క తీర్పుని చివరిదాకా చదవండి

దీన్ని దాటవేసి అప్లికేషన్లు పెట్టకండి. కాస్ తీర్పులు ఎన్నో వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఫోన్‌లో కాకుండా ప్రింటు తీసుకుని చదవండి. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర జిరాక్స్‌కి అయ్యే ఖర్చు ఇంతకన్నా మంచి పనికి పోదు.

వినేశ్ ఫోగాట్ తీర్పుతో మొదలుపెట్టండి. కథ తెలిసిందే కాబట్టి చట్టం మీద దృష్టి నిలుస్తుంది. 2024 పారిస్, 50 కిలోల విభాగం. మొదటి రోజు మూడు కుస్తీలు గెలిచింది, రెండో రోజు ఉదయం 100 గ్రాములు ఎక్కువ తూగింది. నిబంధన ప్రకారం ఆమె చివరి స్థానంలోకి వెళ్లిపోయింది. రజతం తనకూ ఇవ్వాలని కాస్‌కి వెళ్తే ఆగస్టు 14న కొట్టేశారు.

చదివే వరస ఇదీ. ముందు చివరి పేజీకి వెళ్లి ఏమని తీర్పిచ్చారో చూడండి. తర్వాత మొదటికి వచ్చి, పార్టీలు ఎవరు, ఏం అడిగారు అన్నది ఒక కాగితం మీద తెలుగులో రాసుకోండి. అడిగింది ఏమిటన్నది చాలా ముఖ్యం. ఆమె బరువు ఎక్కువ తూగలేదని వాదించలేదు, ఆ నిబంధన పర్యవసానం అన్యాయమంది. అలాంటప్పుడు ఆర్బిట్రేటర్ ముందున్న ప్రశ్న "ఎంత తూగింది" కాదు, "నిబంధనని సడలించే అధికారం నాకుందా" అన్నది. ఆ తర్వాత ఈ తగాదా వినే అధికారం ఎక్కడిది, వర్తించే నియమాలు ఏవి అనే భాగాలు చూడండి. విద్యార్థులు విసుగుతో వదిలేసేవి ఇవే. లాయర్లు ముందు చూసేవీ ఇవే. అప్పీలుకి నిబంధనల్లో వేరే గడువు లేకపోతే కాస్ ఇచ్చేది 21 రోజులు. ఎంత మంచి కేసైనా ఇరవై రెండో రోజు వేస్తే దాన్ని తెరిచి చూడరు.

అసలు చర్చ భాగం చివర్లో చదవండి. ప్రతి పేరాకీ పక్కన ఒక్క వాక్యం తెలుగులో రాయండి. తెలుగులో రాయలేకపోతే ఆ పేరా అర్థం కానట్టే. తర్వాత అదంతా ఒక పేజీ ఇంగ్లిష్‌లోకి తెచ్చుకోండి. తెలుగు మీడియం నుంచి వచ్చి భాష గురించి టెన్షన్ పడేవాళ్లకి ఇంతకన్నా మంచి కోచింగ్ నాకు తెలియదు. వినేశ్ తర్వాత పక్క ఒడిశా అమ్మాయి ద్యుతీ చంద్ కేసు (2015) చదవండి. అక్కడ మహిళా అథ్లెట్ల ఒంట్లో టెస్టోస్టెరాన్‌కి హద్దు పెట్టిన నిబంధననే కాస్ నిలిపేసింది, ఎందుకంటే దాన్ని నిలబెట్టే శాస్త్రీయ ఆధారం సరిపోలేదు. ఒకచోట నిబంధన ఎందుకు నిలిచింది, ఇంకోచోట ఎందుకు ఆగింది? రెండు పేజీల్లో మీ మాటల్లో రాయగలిగితే అదే మీ అప్లికేషన్‌లో రాయాల్సిన ఎస్సే.

నాలుగో పని: కోర్సు ఎంచుకోవడం

ఎల్ఎల్‌బీ ఉన్నవాళ్లకి దగ్గరలో రెండు తోవలు. విజయనగరం నుంచి కొత్తవలస, పెందుర్తి మీదుగా సబ్బవరం వెళ్తే దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం. అక్కడ ఏడాది ఎల్ఎల్ఎం, ప్రవేశం క్లాట్ పీజీతో. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ లా కాలేజీలో రెండేళ్లది, ప్రవేశం ఏపీ పీజీఎల్‌సెట్‌తో. పట్టా మీద 'స్పోర్ట్స్ లా' అని ఉండదని చిన్నబోకండి. రాజ్యాంగ చట్టమో, కార్పొరేట్ చట్టమో స్పెషలైజేషన్‌గా తీసుకుని డిసర్టేషన్ క్రీడల మీద చేయవచ్చు. లెక్చరర్ ఉద్యోగం ఆలోచన ఉంటే ఇదే నికరమైన తోవ.

క్లాట్ పీజీలో 120 ప్రశ్నలు, రెండు గంటలు, తప్పుకి పావు మార్కు కోత. ప్రశ్నలు తీర్పుల నుంచి తీసిన పేరాల మీద ఉంటాయి. మూడో పని చేసినవాళ్లకి ఇది కొత్తగా ఏమీ అనిపించదు.

ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో ఎల్ఎల్ఎం అని వచ్చే ప్రకటనల దగ్గర ఆగండి. అనుమతి లేకుండా దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడిపే ఎల్ఎల్ఎంలు చెల్లవని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2025లో గట్టిగానే హెచ్చరించింది. పీజీ డిప్లొమా అయితే అది వేరే సరుకు. విషయం నేర్చుకోవడానికి పనికొస్తుంది, ఎల్ఎల్ఎంకి బదులు మాత్రం కాదు. ఫీజు కట్టకముందు ఒక్క ప్రశ్న అడగండి: పాఠం చెప్పేవాళ్లలో క్రీడా తగాదాల్లో నిజంగా వాదించినవాళ్లు ఎవరైనా ఉన్నారా? జవాబు నసిగితే వచ్చేయండి.

పేరులోనే స్పోర్ట్స్ లా ఉన్న మాస్టర్స్ కావాలంటే ఎక్కువగా విదేశాలే: ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్ ట్రెంట్, అమెరికాలో మిల్వాకీలోని మార్కెట్ (Marquette) యూనివర్సిటీ, స్పెయిన్‌లో మాడ్రిడ్‌లోని ఐఎస్‌డీఈ. లా చదవని బీపీఈడీ, ఎంపీఈడీ వాళ్లకీ, ఆటగాళ్లకీ ఫిఫా మాస్టర్ ఉంది. లెస్టర్, మిలాన్, నూషాటెల్ మూడు ఊళ్లలో నడిచే కోర్సు. క్రీడల చరిత్ర, మేనేజ్‌మెంట్, చట్టం మూడూ చెబుతారు.

ఐదో పని: మీ పరిశోధన ప్రశ్న జిల్లాలోనే పట్టుకోండి

ఢిల్లీ, ముంబయి విద్యార్థులు ఐపీఎల్ మీద రాస్తారు. ఆ రాతలు గుట్టలు గుట్టలుగా ఉన్నాయి. మీకున్నది వాళ్లకి లేదు. సిడ్నీలో 2000లో కాంస్యం తెచ్చి ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయిన కరణం మల్లీశ్వరిది శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట. కొండవెలగాడలో ఇప్పటికీ పిల్లలు బార్‌బెల్ పడుతున్నారు. వాళ్ల ఇళ్లకి వెళ్తే చూడాల్సింది పతకాల అలమర కాదు, ప్రోటీన్ డబ్బా.

ఆ డబ్బాని చేతిలోకి తీసుకోండి. బ్యాచ్ నంబరు ఉందా? బిల్లు దాచారా? లేబుల్ మీద ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉన్నంత మాత్రాన అందులో నిషిద్ధ పదార్థం కలవలేదని కాదు. ఒంట్లో దొరికిందంటే చాలు, కావాలని తీసుకున్నావా లేదా అన్నది అడక్కుండానే ఉల్లంఘన అయిపోతుంది. ఇది ప్రపంచ యాంటీ డోపింగ్ సంస్థ (వాడా) నియమావళి పునాది. శిక్ష ఎంత అన్న దగ్గరే మాట్లాడటానికి చోటుంటుంది. డబ్బాలో కల్తీ ఉందని ఆటగాడు చూపించగలిగితే నిషేధం బాగా తగ్గవచ్చు. చూపించాలంటే బిల్లు కావాలి, అదే బ్యాచ్‌లో మూత తెరవని డబ్బా ఇంకోటి దొరకాలి. "ఏటి బాబూ, మా గుంట ఏటి తినేసిందని ఈ కాగితం?" అని అడిగే తండ్రికి నోటీసు వచ్చాక బిల్లు గుర్తు చేసి లాభం లేదు. చట్టం వేసే ఈ రుజువు భారాన్ని పల్లెటూరి ఆటగాడు మోయగలడా? ఇదీ ఒక డిసర్టేషన్.

ఇంకో ప్రశ్న సంఘాలది. జిల్లా క్రీడా సంఘాలు చాలావరకు 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైనవి. వాటి బైలాస్ (సంఘం నియమాలు) నకలు జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయంలో అడిగి తీసుకోవచ్చు. ఎన్నికలు ఎన్నేళ్లకి, ఓటు ఎవరికి, ఆటగాళ్లకి కమిటీలో చోటుందా, ఫిర్యాదు ఎవరు వింటారు అన్నవి చూసి, 2025 చట్టం జాతీయ సమాఖ్యల నుంచి అడిగేదానితో పక్కపక్కన పెట్టండి. పై అంతస్తుకి సున్నం వేశారు, కింద మెట్ల సంగతేమిటి?

స్పోర్ట్స్ కోటా సర్టిఫికెట్ల తగాదాలు మూడో గని. కేంద్ర ఉద్యోగాల్లో దేశానికి ఆడితే ఫారం 1, రాష్ట్రానికి ఆడితే 2, యూనివర్సిటీకి 3, స్కూల్ గేమ్స్‌కి 4. టోర్నమెంటుకి గుర్తింపు ఉందా, సంతకం పెట్టినవాడికి ఆ హోదా ఉందా అన్నదాని మీద ఉద్యోగాలు పోయాయి, కేసులు నడిచాయి.

ఒక జాగ్రత్త. మైనర్ ఆటగాళ్లతో మాట్లాడాలంటే తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారం తీసుకోండి, పేర్లు రాయకండి. కోచ్ పక్కన నిల్చుని ఉండగా ఏ పిల్లా డబ్బా గురించి నిజం చెప్పదు.

ఆరో పని: డబ్బు, అనుభవం

బ్రిటన్‌కి చెవెనింగ్ స్కాలర్‌షిప్ ఉంది. రెండేళ్ల పని అనుభవం ఉండాలి, చదువయ్యాక స్వదేశానికి తిరిగొచ్చి రెండేళ్లు ఉండాలి. దరఖాస్తులు సాధారణంగా ఆగస్టులో తెరిచి అక్టోబరు మొదట్లో మూసేస్తారు. ఎస్సీ, సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తుల కుటుంబాల పిల్లలకి కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది: వయసు 35 లోపు, డిగ్రీలో 60 శాతం, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు. యూనివర్సిటీ ర్యాంకు షరతు కూడా ఉంటుంది కాబట్టి అడ్మిషన్‌కి ముందే సరిచూసుకోండి. అప్పు చేసి వెళ్లాలంటే మాత్రం రెండుసార్లు ఆలోచించండి. స్పోర్ట్స్ లాలో మొదటి రోజే పెద్ద జీతాలుండవు.

ఆ రెండేళ్ల అనుభవం జిల్లా కోర్టులో ప్రాక్టీస్ చేస్తూ సంపాదించవచ్చు. సివిల్ సూట్లు, సొసైటీ తగాదాలు చూసే సీనియర్ దగ్గర చేరండి. సాయంత్రాలు వాడా ఉచితంగా నడిపే అడెల్ ఆన్‌లైన్ పాఠాలు పూర్తి చేయండి. వీలైతే ఏదో ఒక వ్యాయామశాలలో పిల్లలకి నెలకోసారి మాత్రల పేర్లు, సీలు వేసిన సీసా, బి శాంపిల్ హక్కు గురించి తెలుగులో చెప్పండి. మందు పేరు కొట్టి చూసుకోవడానికి జాతీయ యాంటీ డోపింగ్ సంస్థ నాడా వాళ్ల యాప్ ఉంది, ముందు దాన్నే కోచ్ ఫోన్‌లో వేయించండి. ఈ పని చేశారని ఆ కోచ్ రాసిచ్చే ఉత్తరం, మిమ్మల్ని క్లాసులో వెనక బెంచీలో చూసిన ప్రొఫెసర్ ఉత్తరం కన్నా బరువుగా ఉంటుంది. చెవెనింగ్‌కి సిఫారసు చేసేవాళ్లు ఇద్దరు కావాలి, కాబట్టి ప్రొఫెసర్‌నీ వదలకండి.

ఫుట్‌బాల్ ఏజెంటు పని మీద మనసుంటే ఫిఫా పరీక్షకి లా డిగ్రీ అక్కర్లేదు: 20 ప్రశ్నలు, గంట సమయం, 75 శాతం వస్తే పాస్. నిబంధనల పుస్తకం పక్కన పెట్టుకునే రాయవచ్చు. తేలిక అనుకోకండి. ప్రశ్నకి మూడు నిమిషాలే, ఏ క్లాజు ఎక్కడుందో ముందే తెలియకపోతే పేజీలు తిప్పుతూనే టైమ్ అయిపోతుంది.